సెఫ్ట్రియాక్సోన్ సూది, ఎర్రబడిన ప్లాస్మా: సికిల్ సెల్ బాలుడిలో ఇమ్యూన్ హీమోలిసిస్ కేస్ స్టడీ

ఇది బోధన కోసం కూర్చిన కేసు, ఏ ఒక్క రోగిదీ కాదు. మందు వల్ల పుట్టిన యాంటీబాడీలు ఎర్రకణాలను పగలగొట్టడమే (ఇమ్యూన్ హీమోలిసిస్) ఈ జబ్బు. అది వార్డులో ఎలా మొదలవుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో చూపేలా అంకెలు పెట్టాం. పిల్లల వార్డులో, రక్తనిధిలో పనిచేసే జూనియర్ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం రాసింది.

కేసు

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామానికి చెందిన 11 ఏళ్ల బాలుడు. సికిల్ సెల్ జబ్బు, ఎస్ఎస్ రకం. బరువు 26 కిలోలు, ఎత్తు 130 సెంటీమీటర్లు. హైడ్రాక్సీయూరియా రోజూ 500 మిల్లీగ్రాములు వాడుతున్నాడు. బాగున్నప్పుడు హీమోగ్లోబిన్ 8.4 ఉంటుంది. చివరిసారి రక్తం ఎక్కించి 14 నెలలైంది.

రెండు రోజులుగా జ్వరం, దగ్గు, ఛాతీ నొప్పి. ఆక్సిజన్ శాచురేషన్ 91 శాతం. ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగంలో కొత్త మచ్చ. అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ (సికిల్ రోగుల్లో ఊపిరితిత్తులు దెబ్బతినే సమస్య) అని చేర్చుకుని, బ్లడ్ కల్చర్ తీసి, సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు (కిలోకు 75 మిల్లీగ్రాముల లెక్కన) సాయంత్రం 6 గంటలకు అరగంట డ్రిప్‌గా ఇచ్చారు. అజిత్రోమైసిన్ నోటి ద్వారా మొదలుపెట్టారు. సూదికి ముందు చర్మం మీద టెస్ట్ డోస్ వేశారు, ఏ స్పందనా లేదు.

ఆ రాత్రి మూత్రం ముదురు రంగులో వచ్చింది. మర్నాడు ఉదయం హీమోగ్లోబిన్ 6.9. సికిల్ క్రైసిస్, జ్వరం, ఎక్కించిన సెలైన్ కారణమని కేస్ షీట్‌లో రాశారు. అలా అనుకోవడానికి ఆధారం ఉంది కూడా: ఈ పిల్లల్లో ఛాతీ సమస్య వచ్చినప్పుడు హీమోగ్లోబిన్ తగ్గడం మామూలే.

రెండో రోజు సాయంత్రం 6 గంటలకు రెండో డోస్. డ్రిప్ మొదలైన 20 నిమిషాలకు వణుకు, నడుం నొప్పి, కడుపు నొప్పి, వాంతి. నాడి 150, బీపీ 84/50. దద్దుర్లు లేవు, పిల్లికూతలు లేవు, ముఖం వాపు లేదు. డ్రిప్ ఆపి, అనఫిలాక్సిస్‌గా (ప్రాణాంతక ఎలర్జీగా) భావించి తొడ కండరంలో అడ్రినలిన్ ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. బీపీ కోలుకుంది. పిల్లవాడు మాత్రం తెల్లగా పాలిపోయాడు. గంట తర్వాత వచ్చిన మూత్రం నల్ల టీ రంగులో ఉంది.

అడ్రినలిన్ ఇవ్వడం సరైన పనే. కాంప్లిమెంట్ అంటే కణాలను పగలగొట్టగల రక్తంలోని ప్రోటీన్ల గుంపు. యాంటీబాడీ దాన్ని రగిలించినప్పుడు సీ3ఏ, సీ5ఏ అనే ముక్కలు విడుదలై మాస్ట్ కణాలను కదిలిస్తాయి. అందుకే చూడటానికి అనఫిలాక్సిస్‌లాగే ఉంటుంది. ఆ నిమిషంలో రెండింటినీ విడదీయలేం, విడదీయాల్సిన అవసరమూ లేదు. బీపీ నిలబడ్డాక మూత్రం రంగు చూడకపోవడమే ప్రమాదం.

ల్యాబ్ నుంచి వచ్చిన ఫోన్

"శాంపిల్ హీమోలైజ్ అయింది, మళ్లీ పంపండి." ఈ మాట రోజూ వినేదే. సన్న సూదితో లాగినా, టోర్నికెట్ ఎక్కువసేపు కట్టినా, ట్యూబు గట్టిగా ఊపినా శాంపిల్ ఎర్రబడుతుంది. అందుకే ఎవరూ ఆగి ఆలోచించరు. ఈ కేసులో రెండో శాంపిల్ ఇంకో చేతి నుంచి, పెద్ద నరం నుంచి, టోర్నికెట్ వదిలేశాక తీశారు. అదీ ఎర్రగానే ఉంది. జాగ్రత్తగా తీసిన రెండో శాంపిల్ కూడా ఎర్రబడితే అది శాంపిల్ లోపం కాదు, రోగనిర్ధారణ. ల్యాబ్ దాన్ని పారబోయకూడదు. "ప్లాస్మా ఎర్రగా ఉంది, రెండుసార్లూ ఇంతే" అని రిపోర్టు మీద రాసి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

మూత్రం స్ట్రిప్ మీద రక్తం 3+, మైక్రోస్కోపులో ఎర్రకణాలు దాదాపు లేవు. అంటే హీమోగ్లోబిన్ అయినా కావాలి, మయోగ్లోబిన్ (కండరాల నుంచి వచ్చే ప్రోటీన్) అయినా కావాలి. ఈ రెండింటినీ విడదీయడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ప్లాస్మా గులాబీ లేదా ఎరుపు రంగులో కనిపిస్తే హీమోగ్లోబిన్, మామూలు రంగులో ఉంటే మయోగ్లోబిన్ వైపు చూడాలి.

ఇక రక్తకణాలు లెక్కించే యంత్రం ఇచ్చిన అంకెలు: హీమోగ్లోబిన్ 4.4, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 9 శాతం, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణంలో హీమోగ్లోబిన్ సాంద్రత) 48.9. మామూలుగా హీమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే పీసీవీకి దగ్గరగా రావాలి. ఇక్కడ 13 రావాల్సిన చోట 9 ఉంది. మనిషి ఎర్రకణంలో 48.9 ఎంసీహెచ్‌సీ ఉండదు. యంత్రం కణాల్లోని హీమోగ్లోబిన్‌తో పాటు ప్లాస్మాలో కరిగిపోయిన దాన్నీ కలిపి కొలిచింది. కణాల్లో నిజంగా ఎంత మిగిలిందో తెలియాలంటే పీసీవీని మామూలు ఎంసీహెచ్‌సీతో గుణించాలి: 9 × 0.34, అంటే సుమారు 3.1. ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ 4.4 కాదు, 3.1. "4.4 ఉంది కదా, ఉదయం దాకా చూద్దాం" అనుకునే వార్డులో ఈ ఒక్క గుణకారం ప్రాణం నిలబెడుతుంది.

మిగతావి: ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్) 3,800, పొటాషియం 5.8, క్రియాటినిన్ 0.4 నుంచి 1.1కి పెరిగింది. హాప్టోగ్లోబిన్ (ప్లాస్మాలో కరిగిన హీమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రోటీన్) పంపలేదు. సికిల్ రోగుల్లో అది మామూలు రోజుల్లోనే అడుగంటి ఉంటుంది, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఎల్‌డీహెచ్ కూడా వీరిలో ఎప్పుడూ కొంత ఎక్కువే. అందుకే పాత రిపోర్టుతో పోల్చి, ఎన్ని రెట్లు పెరిగిందో చూడాలి.

ఇంకేం కావచ్చు

సికిల్ పిల్లవాడిలో హీమోగ్లోబిన్ కూలిపోతే మనసు ముందు సికిల్ వైపే వెళ్తుంది. పార్వోవైరస్ వల్ల వచ్చే అప్లాస్టిక్ క్రైసిస్‌లో రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) ఒక శాతం కన్నా తక్కువకు పడిపోతాయి, ప్లాస్మా ఎర్రబడదు. ఇక్కడ రెటిక్ 11 శాతం. ప్లీహంలో రక్తం నిలిచిపోతే ప్లీహం పెరిగి చేతికి తగలాలి. ఇక్కడ తగల్లేదు. ఆలస్యంగా వచ్చే ట్రాన్స్‌ఫ్యూజన్ హీమోలిసిస్ రక్తం ఎక్కించిన కొద్ది రోజుల నుంచి మూడు నాలుగు వారాల లోపు వస్తుంది. ఇక్కడ 14 నెలలు గడిచాయి.

ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లవాడు కాబట్టి మలేరియా తప్పక చూడాలి. ఫాల్సిపారంలోనూ మూత్రం నల్లబడుతుంది. ర్యాపిడ్ టెస్ట్, స్మియర్ రెండూ నెగెటివ్. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం కూడా ఈ ప్రాంతంలో మనసులో ఉండాల్సిందే. అయితే హీమోలిసిస్ నడుస్తుండగా పరీక్ష చేస్తే అబద్ధపు నార్మల్ వస్తుంది: లోపమున్న పాత కణాలు ముందే పగిలిపోయి, ఎంజైమ్ ఎక్కువగా ఉండే కొత్త కణాలే మిగులుతాయి. అందుకని దాన్ని మూడు నెలల తర్వాతకు వాయిదా వేశారు. పైగా జీ6పీడీ హీమోలిసిస్ సాధారణంగా మందు మొదలైన ఒకటి నుంచి మూడు రోజుల్లో పెరుగుతూ వస్తుంది, డ్రిప్ నడుస్తుండగా 20 నిమిషాల్లో విరుచుకుపడదు.

మందుల చార్టును, నర్సింగ్ నోట్స్‌ను పక్కపక్కన పెట్టి గడియారం చూస్తే సంగతి బయటపడింది. మొదటి డోస్ తర్వాత కొన్ని గంటలకు ముదురు మూత్రం, రెండో డోస్‌కు 20 నిమిషాల్లో కుప్పకూలడం. ఆపైన తల్లిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "అమ్మా, ఇంతకుముందు జ్వరానికి సూది వేయించినప్పుడు బాబుకి మూత్రం ఎర్రగా గానీ నల్లగా గానీ వచ్చిందా?" ఈ కేసులో తల్లి జవాబు: "మూడు నెలల కింద ఊళ్లో ఆర్ఎంపీ గారు మూడు సూదులేశారండి. ఆఖరి సూది నాడు నల్లగా పోశాడు. ఎండ దెబ్బనుకున్నాం." ఏ మందుకైనా ఎలర్జీ ఉందా అని అడిగితే ఈ సంగతి రాదు. దురద, దద్దుర్లనే అందరూ ఎలర్జీ అంటారు. మూత్రం రంగు గురించే విడిగా అడగాలి.

ఈ మందు ఎలా చేస్తుంది

పెన్సిలిన్ దారి వేరు. అది ఎర్రకణం మీద గట్టిగా అతుక్కుంటుంది, యాంటీబాడీ (ఎక్కువగా ఐజీజీ) ఆ పూత మీద పడుతుంది. భారీ మోతాదుల్లో, వారం దాటాక, ప్లీహంలో నెమ్మదిగా కణాలు నాశనమవుతాయి. పాఠ్యపుస్తకంలో అందరూ చదివేది ఇదే. సెఫ్ట్రియాక్సోన్ కణానికి అలా అతుక్కోదు. మందు రక్తంలో ఉన్నంతసేపు మందు, కణం పొర, యాంటీబాడీ మూడూ కలిసి కాంప్లిమెంట్‌ను లాగుతాయి. కణం రక్తనాళంలోనే పగులుతుంది. అందుకే అంత వేగం, అందుకే మోతాదు పెద్దది కానక్కర్లేదు. ఇదివరకు ఈ మందు తీసుకున్నవారిలో, ముఖ్యంగా పదేపదే వాడే సికిల్ పిల్లల్లో, హెచ్ఐవీ ఉన్నవారిలో ఇది ఎక్కువగా నమోదైంది. పిల్లల్లో మరణాలూ ఉన్నాయి.

చర్మం మీద వేసే టెస్ట్ డోస్ ఐజీఈ తరహా స్పందనను మాత్రమే వెతుకుతుంది. హీమోలిసిస్ చేసేవి ఐజీఎం, ఐజీజీ యాంటీబాడీలు. "టెస్ట్ డోస్ నెగెటివ్" అన్న వాక్యం ఈ ప్రమాదం గురించి ఒక్క ముక్కా చెప్పదు.

రక్తనిధిలో

డైరెక్ట్ కూంబ్స్ అంటే ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీని, కాంప్లిమెంట్‌ను వెతికే పరీక్ష. దానికి ఈడీటీఏ శాంపిలే వాడాలి. గడ్డకట్టిన రక్తంలో ట్యూబులోనే కాంప్లిమెంట్ కణాలకు అంటుకుని తప్పుడు పాజిటివ్ వస్తుంది. ఈ బాలుడి ఫలితం: పాలీస్పెసిఫిక్ (ఐజీజీ, సీ3 రెండింటినీ వెతికేది) 3+, సీ3డీ (కణానికి అంటుకున్న కాంప్లిమెంట్ ముక్క) 3+, ఐజీజీ నెగెటివ్. చాలాచోట్ల ఐజీజీ మాత్రమే ఉన్న కార్డుతో పరీక్ష చేసి "కూంబ్స్ నెగెటివ్" అని పంపేస్తారు. సెఫ్ట్రియాక్సోన్ కేసుల్లో సీ3 దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఐజీజీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఐజీజీ కార్డు ఒక్కదాన్నే నమ్మితే ఈ కేసు చేజారిపోయేది. ట్యూబ్ పద్ధతిలో చేస్తే యాంటీ-సీ3 వేశాక వెంటనే ఒకసారి చదివి, గది ఉష్ణోగ్రతలో 5 నిమిషాలు ఉంచి మళ్లీ తిప్పి చదవాలి. నెగెటివ్ వచ్చిన ట్యూబులో యాంటీ-సీ3 పనిచేసిందో లేదో తెలియడానికి సీ3 పూసిన చెక్ సెల్స్ కలపాలి. ఒక్కోసారి పూత ఉన్న కణాలన్నీ అప్పటికే పగిలిపోయి కూంబ్స్ బలహీనంగా వస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే కొన్ని గంటలకు మళ్లీ చేయాలి.

ఆ రాత్రి యాంటీబాడీ స్క్రీన్ అన్ని కణాలతోనూ పాజిటివ్, క్రాస్‌మ్యాచ్ పెట్టిన ప్రతి యూనిట్ ఇన్‌కంపాటిబుల్. టెక్నీషియన్ ఆటోయాంటీబాడీ (సొంత కణాల మీదే పడే యాంటీబాడీ) అనుకోవడం సహజం. కానీ సీరంలో మందు ఇంకా ఉంది. మందు, యాంటీబాడీ రెండూ ఒకే ట్యూబులో ఉంటే ఏ కణంతోనైనా స్పందిస్తాయి. 48 గంటల తర్వాతి శాంపిల్‌లో స్క్రీన్ నెగెటివ్, ఎల్యూయేట్ (కణాల మీది యాంటీబాడీని విడదీసిన ద్రావణం) కూడా నెగెటివ్. మందు పోగానే మాయమయ్యే "ఆటోయాంటీబాడీ" ఆటోయాంటీబాడీ కాదు.

నిర్ధారణ పరీక్ష అందరి దగ్గరా ఉండదు. అయినా చేయడం కష్టం కాదు, పెద్ద రక్తనిధి ఏదైనా చేయగలదు. సెఫ్ట్రియాక్సోన్ పూసిన కణాలు తయారు చేయబోవడం వృథా, మందు అంటుకోదు. కరిగిన మందు సమక్షంలో పరీక్షించాలి:

- ఇంజెక్షన్ పొడిని ఫాస్ఫేట్ బఫర్డ్ సెలైన్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేలా కరిగించాలి. పీహెచ్ 7 దగ్గర ఉందో లేదో చూడాలి.
- రోగి సీరం, మందు ద్రావణం సమాన పరిమాణాల్లో. ఇదే జంటను, ఆరోగ్యవంతుడి తాజా సీరం కలిపి ఇంకో ట్యూబులో. రోగి కాంప్లిమెంట్ అప్పటికే ఖర్చైపోయి ఉంటుంది, అందుకే బయటి నుంచి కలపాలి.
- 'O' బ్లడ్ గ్రూపు కణాలు, మామూలువి ఒక వరుస, ఎంజైమ్‌తో శుద్ధి చేసినవి ఇంకో వరుస. ఎంజైమ్ కణాలు ఎక్కువ సున్నితం.
- 37 డిగ్రీల వద్ద ఒకటి నుంచి రెండు గంటలు, మధ్యలో కదుపుతూ. ముందు హీమోలిసిస్, గడ్డలు చూడాలి. తర్వాత నాలుగుసార్లు కడిగి, సీ3 కూడా గుర్తించే పాలీస్పెసిఫిక్ కూంబ్స్ సీరం వేయాలి.
- కంట్రోళ్లు: రోగి సీరంలో మందు బదులు సెలైన్, రోగి సీరం బదులు ఆరోగ్యవంతుడి సీరంతో మందు. ఈ రెండూ నెగెటివ్ రాకపోతే ఫలితానికి అర్థం లేదు.

ఈ బాలుడి సీరం మందు ఉన్న ట్యూబుల్లో ఎంజైమ్ కణాలను పగలగొట్టింది, మామూలు కణాలతో కూంబ్స్ 3+ ఇచ్చింది. సెలైన్ ట్యూబుల్లో ఏమీ లేదు. కంట్రోళ్ల కోసం వాడే సెలైన్ ట్యూబులో ముందే పాజిటివ్ వస్తే, ఎక్కువసార్లు కారణం సీరంలో మిగిలిన మందే. అందుకే 48 గంటల శాంపిల్‌తో చేశారు. తర్వాత పరీక్ష చేయించాలనుకునేవారు ప్లెయిన్ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్లు తీసి, సీరం విడదీసి మైనస్ 20 డిగ్రీల్లో దాచుకోవాలి. ఈ పని ఎవరికీ గుర్తుండదు, తర్వాత నిరూపించడానికి ఏమీ మిగలదు.

చికిత్స

మొదటి పని సెఫ్ట్రియాక్సోన్ కొట్టేయడం. చార్టులో గీత పెడితే సరిపోదు. మర్నాడు సాయంత్రం 6 గంటలకు డ్యూటీ మారి, కొత్త నర్సు పాత షీట్ చూసి మూడో డోస్ వేస్తే పిల్లవాడు దక్కడు. మిగిలిన వయల్స్ ఫార్మసీకి తిప్పి పంపారు, చేతికి ఎర్ర బ్యాండ్ కట్టారు, కేస్ షీట్ అట్ట మీద జెనెరిక్ పేరు రాశారు. బ్రాండ్ పేరు రాస్తే ప్రయోజనం లేదు. మన మార్కెట్లో ఇదే మందు ఎన్నో పేర్లతో దొరుకుతుంది, సల్బాక్టమ్‌తో, టాజోబాక్టమ్‌తో కలిపి కూడా.

రెండో పని రక్తం. క్రాస్‌మ్యాచ్ కలవలేదని ఆపకూడదు. కణాల్లో 3.1 హీమోగ్లోబిన్‌తో, ఊపిరితిత్తి దెబ్బతిన్న పిల్లవాడు ఉదయం దాకా ఆగలేడు. ఏబీఓ సరిపోయి, సీ, ఈ, కెల్ యాంటిజెన్లు పాత ఫీనోటైప్ రికార్డుతో కలిసిన ప్యాక్డ్ సెల్స్ తెప్పించారు. కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున 130 మిల్లీలీటర్లు మొదట గంటలో, బీపీ, ఊపిరి చూసుకుని మరో 130 మూడు గంటల్లో. బరువు × కావాల్సిన పెరుగుదల × 4 సూత్రం ప్రకారం 260 మిల్లీలీటర్లకు 2.5 గ్రాములు పెరిగి 5.6 దాకా రావాలి. పీసీవీ 14.5 వచ్చింది, అంటే 4.9. దాత కణాలు కొన్ని కూడా పగిలాయి. మందు ఉన్నంతసేపు అది తప్పదు, కాబట్టి తగినంత పెరగలేదని కంగారుపడి స్టెరాయిడ్ మోతాదు రెట్టించనక్కర్లేదు. సెఫ్ట్రియాక్సోన్ అర్ధాయువు మామూలుగా 6 నుంచి 9 గంటలు. ఒకటిన్నర రోజులో సుడి తగ్గుతుంది. హీమోగ్లోబిన్‌ను 10 దాటించకూడదు, సికిల్‌లో రక్తం చిక్కబడుతుంది.

స్టెరాయిడ్ గురించి. ఆ రాత్రి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 మిల్లీగ్రాము ఇచ్చారు, ఆటోఇమ్యూన్ జబ్బు కాదని ఇంకా తేలలేదు కాబట్టి. 48 గంటల స్క్రీన్ నెగెటివ్ రాగానే ఆపేశారు. మందు వల్ల వచ్చిన ఈ రకంలో స్టెరాయిడ్ మేలు చేస్తుందని గట్టి ఆధారం లేదు. పైగా సికిల్ రోగుల్లో స్టెరాయిడ్ ఆపాక నొప్పులు తిరగబెట్టొచ్చు. వారాల తరబడి సాగదీయడం నా దృష్టిలో తప్పు.

మూత్రపిండాల విషయం చిక్కుముడి. కరిగిన హీమోగ్లోబిన్‌ను కడగడానికి ద్రవాలు కావాలి, అక్యూట్ చెస్ట్‌లో ఎక్కువ ద్రవం ఊపిరితిత్తులను ముంచుతుంది. 26 కిలోలకు రోజువారీ అవసరం 1,620 మిల్లీలీటర్లు, గంటకు 67. అంతే ఇచ్చి, కాథెటర్ పెట్టి గంట గంటకూ మూత్రం కొలిచారు. గంటకు కిలోకు 1 మిల్లీలీటరు లక్ష్యం, 0.6 కన్నా ఎప్పుడూ తగ్గలేదు. నొప్పికి రాసిన డైక్లోఫెనాక్ తీసేశారు. క్రియాటినిన్ తగ్గేదాకా హైడ్రాక్సీయూరియా ఆపారు. క్రియాటినిన్ నాలుగో రోజు 2.6 దాకా వెళ్లి దిగింది, డయాలిసిస్ అవసరం పడలేదు. రక్తం గడ్డకట్టే తీరు తెలిపే పీటీ, ఫైబ్రినోజెన్ రోజూ చూశారు, డీఐసీ (ఒళ్లంతా రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతినడం) రాలేదు.

న్యుమోనియాకు ఏ మందు? ఇక్కడే రెండో ఉచ్చు. అలవాటుగా చేయి పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ వైపు వెళ్తుంది. పిపెరాసిలిన్ కూడా ఇమ్యూన్ హీమోలిసిస్‌కు పేరుమోసిందే. టాజోబాక్టమ్, సల్బాక్టమ్ కణాల మీద ప్రోటీన్లను ఊరికే అంటించి కూంబ్స్‌ను పాజిటివ్ చేయగలవు. అప్పుడు జబ్బు తగ్గుతోందో, కొత్తది మొదలైందో చెప్పలేం. సెఫోటాక్సిమ్, సెఫిపైమ్‌లది సెఫ్ట్రియాక్సోన్ పక్కగొలుసే, కాబట్టి సెఫలోస్పోరిన్లన్నీ పక్కన పెట్టారు. లీవోఫ్లోక్సాసిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున 250 మిల్లీగ్రాములు ఇచ్చి, అజిత్రోమైసిన్ ఆపారు. రెండూ ఈసీజీలో క్యూటీ వ్యవధిని సాగదీస్తాయి, మైకోప్లాస్మాకు లీవోఫ్లోక్సాసిన్ ఒక్కటే చాలు. క్రియాటినిన్ 1.9కి చేరిన రోజు పిల్లల మూత్రపిండాల వడపోతను అంచనా వేసే ష్వార్ట్జ్ సూత్రం (0.413 × ఎత్తు 130 ÷ క్రియాటినిన్ 1.9) 28 చూపింది. క్రియాటినిన్ ఇంకా ఎక్కుతుండగా ఈ అంకె అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది. అందుకే డోస్ విరామం 48 గంటలు చేశారు.

30 గంటలకు ప్లాస్మా తేటపడింది. మూడో రోజు మరో 130 మిల్లీలీటర్ల రక్తం. ఐదో రోజు హీమోగ్లోబిన్ 6.8. డిశ్చార్జి నాడు 7.6, క్రియాటినిన్ 0.7.

డిశ్చార్జి కాగితం

ఇంటికి పంపేటప్పుడు "సెఫిక్సిమ్ ఐదు రోజులు" అని రాయడం పిల్లల వార్డుల్లో అలవాటుగా మారింది. ఇక్కడ అది నిషేధం. సెఫిక్సిమ్, సెఫ్పోడాక్సిమ్ రెండింటినీ పేరు పెట్టి వద్దని రాశారు. ఏజెన్సీలో తర్వాతి జ్వరానికి టైఫాయిడ్ అనుకుని మళ్లీ ఇదే సూది వేసే అవకాశం చాలా ఎక్కువ. అందుకే తెలుగులో, పెద్ద అక్షరాలతో మూడు చోట్ల రాసిచ్చారు: డిశ్చార్జి సమ్మరీ మీద, 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కార్డు మీద, తల్లి దగ్గర ఉంచుకునే విడి చీటీ మీద. "సెఫ్ట్రియాక్సోన్ సూది వేయకూడదు. వేస్తే రక్తం విరిగి ప్రాణాపాయం. సెఫ్ తో మొదలయ్యే మందు ఏదైనా పెద్దాసుపత్రిలో అడిగాకే." ఆ చీటీ ఊళ్లో ఆర్ఎంపీకి, ఆశా కార్యకర్తకు చూపించమని తల్లికి చెప్పారు. మళ్లీ కొద్దిగా ఇచ్చి చూద్దామన్న ప్రయోగం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు.

ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఫారం నింపి పంపారు. దగ్గర్లో ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే) కేంద్రం లేనివారు 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకు చెప్పొచ్చు. ఫారంలో మందు బ్యాచ్ నంబరు, ప్రతి డోస్ ఇచ్చిన సమయం, లక్షణాలు మొదలైన సమయం, కూంబ్స్ ఫలితంలో ఐజీజీ, సీ3 విడివిడిగా రాయాలి. మూడు నెలల తర్వాత జీ6పీడీ, కూంబ్స్, కొత్తగా ఎక్కించిన రక్తం వల్ల ఏర్పడే యాంటీబాడీల కోసం స్క్రీన్, ఈ మూడు పరీక్షలకు తేదీ ఇచ్చారు.